తిరువళ్ళూరు–తిరుత్తణి సీమల పురావస్తువులు: తపాలా రవాణా, భీమా, విలువ నిర్ణయము

చెన్నపట్టణమునకు పడమటను వాయవ్యమునను నెలకొనియున్న తిరువళ్ళూరు, తిరుత్తణి సీమలు చిరకాలమునుండి తెలుగువారికిని తమిళులకును ఉమ్మడి నెలవులు. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి క్షేత్రము. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రము. తిరుత్తణి ప్రాంతము పూర్వము కార్వేటినగర సంస్థానమునకు చెందినది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందులో కలిసినది. 1953లో ఆంధ్రరాష్ట్రమునను, 1956లో ఆంధ్రప్రదేశమునను చేరి, సరిహద్దుల సవరణ ఫలితముగా 1960 ఏప్రిలు 1వ తేదీన మద్రాసు రాష్ట్రమునకు మారినది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడగా రెండు పట్టణములును ఒకే జిల్లా క్రిందికి వచ్చినవి.

ఈ సీమలో లభించిన పురావస్తువులు మూడు జగత్ప్రసిద్ధములు: అత్తిరంపాక్కము రాతి పనిముట్లు, తిరువాలంగాడు తామ్రశాసనము, తిరువాలంగాడు నటరాజ విగ్రహము. ఇవి మూడును పుట్టినచోటు విడిచి పయనించినవి. పయనించు వస్తువునకు ప్రమాదము తప్పదు. ప్రమాదమునకు పరిహారము కావలెనన్న ముందుగా విలువ కట్టవలెను. వెల లేని వస్తువునకు విలువ కట్టుట యెట్లు? ఈ ప్రశ్నకు తపాలా శాఖవారు ఒక సమాధానమును, నిక్షేపముల చట్టము వేరొక సమాధానమును, విద్వాంసులు మరియొక సమాధానమును ఇచ్చిరి. ఆ మూటిని పోల్చి చూచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తపాలా శాఖ స్థిరపడక పూర్వము నగలు, నాణెములు, తాళపత్రములు మొదలగునవి నమ్మకమైన మనుష్యుని చేతికిచ్చి పంపుటయే ఆచారము. తెచ్చువాని నిజాయితీయే ఆనాటి భీమా. కుంపిణీవారి కాలమున ఉత్తరముల తపాలాతోపాటు బంగీ తపాలా యేర్పడినది. కావడిబద్దకు కట్టిన పెట్టెలలో బరువైన కట్టలను కూలీలు మోసుకొనిపోవుచుండిరి. నేటికిని తెలుగువారు పార్సెలును ‘బంగీ’ యనుట ఆ కాలపు జ్ఞాపకమే. 1854 నాటి తపాలా చట్టముతో దేశమంతటికిని ఏకరీతియైన తపాలా రుసుము ఏర్పడినది. 1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజా వరకును దక్షిణదేశపు మొదటి రైలుమార్గము తెరువబడగా తిరువళ్ళూరు ఆ మార్గముపై నిలిచినది. అరక్కోణమునుండి వాయవ్యముగా సాగిన శాఖపై తిరుత్తణి యున్నది. ఆ శాఖ 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసినది. ఇట్లు కావడిపై సాగిన కట్ట రైలెక్కినది.

వేగము పెరిగినను భయము తగ్గలేదు. 1861 నాటి కాగితపు నాణ్యముల చట్టము తరువాత నోట్లు విరివిగా చలామణిలోనికి వచ్చినవి. వానిని పంపుటకు వర్తకులు ఒక ఉపాయము కనిపెట్టిరి. నోటును రెండుగా కత్తిరించి ఒక సగమును ముందు పంపుదురు. అది చేరినట్లు జాబు వచ్చిన పిమ్మట రెండవ సగమును పంపుదురు. ఒక సగమును దొంగిలించినవానికి అది నిరుపయోగము. తెలివైన ఉపాయమే గాని ఇది నోటుకు మాత్రమే చెల్లును. నగను గాని విగ్రహమును గాని తాళపత్రమును గాని సగముచేసి పంపుట సాధ్యము కాదు.

ఈ కొరత తీర్చుటకే 1877–78 ప్రాంతమున తపాలా శాఖవారు రెండు క్రొత్త పద్ధతులను ప్రవేశపెట్టిరి. మొదటిది వి.పి. పద్ధతి: సరకు అందుకొనువాడు పోస్టుమానుకు వెల చెల్లించి కట్టను పుచ్చుకొనును. రెండవది భీమా, జనుల వాడుకలో ‘ఇన్సూరు’: పంపువాడు కట్టలోని వస్తువు విలువను ప్రకటించి, ఆ విలువకు తగిన రుసుము చెల్లించును. ఈ పద్ధతులకు 1898 నాటి ఆరవ చట్టమగు భారత తపాలా చట్టము సమగ్రరూపము కల్పించినది. ఆ చట్టపు 6వ సెక్షను ప్రకారము పోయిన కట్టకు గాని చెడిన కట్టకు గాని, చట్టము స్పష్టముగా ఒప్పుకొన్న సందర్భములందు తప్ప, ప్రభుత్వమునకు బాధ్యత లేదు. అట్లు ఒప్పుకొన్న సందర్భములలో ముఖ్యమైనది 33వ సెక్షను. దాని ప్రకారము భీమా చేసిన కట్ట పోయినను చెడినను ప్రభుత్వము పరిహారమీయవలెను. కాని ఆ పరిహారము భీమా మొత్తమును మించరాదు. పోయిన వస్తువు యథార్థపు విలువను గాని జరిగిన నష్టమును గాని కూడ మించరాదు. అనగా నూరు రూపాయల వస్తువును వేయి రూపాయలకు ఇన్సూరు చేసినవానికి నూరు రూపాయలే లభించును. వేయి రూపాయల వస్తువును నూటికి ఇన్సూరు చేసినవానికిని నూరే లభించును. సత్యమే చెప్పుమని ఈ సెక్షను తాత్పర్యము.

ఇన్సూరు చేయు కట్టకు నియమములు కఠినములు. కట్టను గట్టిగా కుట్టి, దారపు ముడులమీదను అతుకులమీదను లక్క ముద్రలు వేయవలెను. ముద్రలన్నియు ఒకే గుర్తు కలవై యుండవలెను. అది పంపువాని సొంత గుర్తు కావలెను గాని చలామణి నాణెపు అచ్చును గాని కేవలము గీతలను గాని వాడరాదు. ఏలయన నాణెము ఎల్లరి చేతను ఉండును. ముద్ర పగులగొట్టినవాడు అదే నాణెముతో మరల అద్దగలడు. విలువను అంకెలలోను అక్షరములలోను కట్టపై వ్రాయవలెను. తపాలా కార్యాలయమున తూచి బరువు నమోదు చేయుదురు. చేరినచోట ముద్రలు చెక్కుచెదరక, బరువు మారక యున్నచో లోపలి వస్తువు భద్రముగా నున్నదని భావన.

తపాలా భీమా ప్రారంభమైన ఆ రోజులలోనే, 1878లో, నిక్షేపముల చట్టము వెలువడినది. భూమిలో దాగియుండి బయల్పడిన నిధి విలువ పది రూపాయలు మించినచో కనుగొన్నవాడు కలెక్టరునకు తెలుపవలెను. ప్రభుత్వము దానిని వస్తుప్రదర్శనశాల నిమిత్తము తీసికొనదలచినచో, అందలి లోహాది పదార్థముల విలువకు ఐదవవంతు కలిపి చెల్లించవలెనని 16వ సెక్షను నిర్దేశించినది. పొలము దున్నుచుండగా బంగారు వరహాలు దొరికిన రైతునకు బంగారపు తూకము వెల, దానిపై నూటికి ఇరువది లభించును. ఆ ఐదవవంతే ప్రాచీనతకు చట్టము కట్టిన వెల. నిధి దొరికినవెంటనే కరిగించి కంసాలికి అమ్ముకొను దురాశను ఆపుటకు ఇది తోడ్పడినది; కాని లోహపు విలువ లేని వస్తువు విషయమున ఈ లెక్క నిలువదు.

అందుకు నిదర్శనము అత్తిరంపాక్కము. తిరువళ్ళూరు సీమలో కొర్తలయారు పరీవాహమున నున్న ఈ గ్రామమునొద్ద 1863 సెప్టెంబరు 28వ తేదీన భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూసు ఫుటు, సహోద్యోగి విలియం కింగుతో కూడి ప్రాచీన శిలాయుగపు పనిముట్లను కనుగొనెను. అంతకు నాలుగు నెలలకు పూర్వము, మే 30వ తేదీన, పల్లవరమున ఆయనకు మొదటి పనిముట్టు దొరికియుండెను. ఆయన జీవితకాలమున కూర్చిన సంచయమును 1904లో మద్రాసు ప్రభుత్వము కొనగా, అది మద్రాసు ప్రదర్శనశాలకు చేరినది. దాని వివరణపట్టికలు ఆయన మరణానంతరము 1914, 1916 సంవత్సరములలో వెలువడినవి. 2011లో ప్రకటితమైన పరిశోధనలు అత్తిరంపాక్కపు పనిముట్ల ప్రాచీనతను సుమారు పదిహేను లక్షల సంవత్సరములుగా నిర్ణయించినవి.

ఇట్టి రాతిని తూకమునకు వెల కట్టినచో ఒక పైసయైనను రాదు. దాని విలువ యంతయు అది దొరికిన చోటును తెలుపు చీటీలో నున్నది. ఏ గ్రామమున, ఏ పొరలో, ఎంత లోతున దొరికినదో తెలిపెడి ఆ చీటీ ఊడిపోయినచో పదిహేను లక్షల యేండ్ల పనిముట్టు ఏటియొడ్డు గులకరాయితో సమానమగును. కట్ట భద్రముగా చేరి చీటీ జారిపోయినచో తపాలా లెక్కలో నష్టము లేదు. చరిత్ర లెక్కలో సర్వమును నష్టమే.

రెండవది తిరువాలంగాడు తామ్రశాసనము. తిరుత్తణికి చేరువనున్న తిరువాలంగాడు వటారణ్యేశ్వరుని ఆలయము శైవుల ఐదు నాట్యసభలలో రత్నసభగా ప్రసిద్ధము. కారైక్కాల్ అమ్మయారు చరిత్రతో ముడిపడిన క్షేత్రము. ఇచ్చట 1905లో మొదటి రాజేంద్రచోళుని తామ్రశాసనము వెలుగులోనికి వచ్చినది. 31 రేకుల ఈ శాసనము పళైయనూరు గ్రామమును ఆలయమునకు దానమొసగుటను తెలుపును. సంస్కృతభాగమున చోళుల వంశచరిత్ర కలదు. హెచ్. కృష్ణశాస్త్రిగారు దీనిని పరిష్కరించి దక్షిణభారత శాసనముల మూడవ సంపుటమున 1920లో ప్రకటించిరి. తెలుగువారి చరిత్రకును ఇది ముఖ్యాధారము. రాజరాజచోళుడు భీముడను ఆంధ్రరాజును వధించినట్లు ఇందు చెప్పబడినది. వేంగిని ఆక్రమించిన జటాచోడ భీముడే యితడని చరిత్రకారుల నిర్ణయము. రాజేంద్రుని కుమార్తె అమ్మంగదేవి రాజమహేంద్రవరమున నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుని దేవి యగుటయు ఇచ్చట స్మరణీయము.

తామ్రశాసనపు రేకులను ఒక కడియమున గ్రుచ్చి, కడియపు కొనలను రాజముద్రతో అతుకుట ప్రాచీనుల పద్ధతి. ఆ ముద్ర చెదరనంతవరకు ఒక రేకు తీయుటకుగాని క్రొత్తరేకు చేర్చుటకుగాని వీలులేదు. తపాలావారి లక్క ముద్ర చేయు పనినే తొమ్మిదివందల యేండ్లకు పూర్వము చోళుల ముద్ర చేసినది. అందుచేతనే శాసనపరిశోధకులు రేకులు తమ చేతికి వచ్చునప్పటికి కడియము తెగియున్నదా లేదా యని మొదట వ్రాసికొందురు. రేకులను చదువుటకు కడియమును కోయవలసివచ్చినను, రేకులపై సిరా పూసి అచ్చుప్రతులు తీసిన పిమ్మట పరిశోధన కార్యమంతయు ఆ ప్రతులపైననే సాగును. అచ్చుప్రతి మామూలు తపాలాలో పోవచ్చును. అది పోయినచో మరియొకటి తీయవచ్చును. కాని అచ్చుప్రతి తీయకముందే రేకు పోయినచో రాగి వెల మాత్రము చేతికి వచ్చును, వంశచరిత్ర రాదు.

మూడవది నటరాజ విగ్రహము. తిరువాలంగాడునుండి మద్రాసు ప్రదర్శనశాలకు చేరిన ఈ కంచు మూర్తి చోళశిల్పమునకు పరాకాష్ఠగా ప్రఖ్యాతి చెందినది. ఫ్రెంచి శిల్పి రోదా 1913లో ఈ నటరాజమూర్తులను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. విక్టరు గోలూబెవు ప్రయత్నమున అది 1921లో ‘ఆర్స్ ఆసియాటికా’ సంపుటమున ఆనంద కుమారస్వామి, హావెలు వ్యాసములతోపాటు వెలువడినది. రోదా మద్రాసునకు రాలేదు. ఆయన చూచినవి ఛాయాచిత్రములు మాత్రమే. మూర్తి స్వదేశమున భద్రముగా నిలిచియుండగా, దాని ఛాయ సముద్రములు దాటి దాని కీర్తిని స్థాపించినది.

దీనికి భిన్నమైన ఉదాహరణము అమరావతి శిల్పములు. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి మద్రాసునకు చేర్చిన ఆ ఫలకములు ఎండకును వానకును ఆరుబయట పడియుండి, 1859లో ఓడపై లండనునకు తరలింపబడినవి. అవి మరల తిరిగిరాలేదు. దేశము విడిచిన వస్తువు క్షేమముగా చేరినను, దానిని కన్న ప్రజలకు అది నష్టమే. ఏ భీమా పత్రమును అట్టి నష్టమును లెక్కకు తెచ్చికొనదు. స్వతంత్ర భారతమున 1972లో వెలువడి 1976 ఏప్రిలు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చిన పురావస్తు, కళానిధుల చట్టము, ప్రభుత్వమునకును ప్రభుత్వాధికారము పొందిన సంస్థలకును తప్ప ఇతరులకు పురావస్తువులను ఎగుమతి చేయు హక్కు లేకుండ చేసినది. కావున నిషిద్ధవస్తువును ఎంత గట్టిగా ముద్రించినను, ఎంత మొత్తమునకు ఇన్సూరు చేసినను, విదేశపు తపాలాలో దానికి త్రోవ లేదు.

తపాలా తానే సేకరణీయ వస్తువులను పుట్టించునని కూడ గుర్తింపవలెను. 1888లో తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణగారి చిత్రముతో 1967లో తపాలా శాఖవారు 15 పైసల బిళ్ళను వెలువరించిరి. సేకర్తలు ఒండొరులకు పంపుకొను తపాలా బిళ్ళల విలువ వానిపై అచ్చువేసిన వెలకు సంబంధించినది కాదు. అవి ఎంత అరుదు, అంచులు చెడక యున్నవా, ముద్ర ఏ తేదీది అనువానిపై అది ఆధారపడును. ఇట్టివానిని ఇన్సూరు చేయువాడు కొన్న రశీదును, ఛాయాచిత్రమును దాచుకొననిదే విలువను నిరూపింపలేడు.

1898 నాటి తపాలా చట్టము 125 సంవత్సరములు మించి నిలిచి, 2023 నాటి క్రొత్త తపాలా చట్టము 2024 జూన్ 18వ తేదీన అమలులోనికి రాగా ముగిసినది. 2025 సెప్టెంబరు 1వ తేదీన రిజిష్టరు తపాలా స్పీడు పోస్టులో విలీనమైనది. చట్టములును పేర్లును మారినవి, మూలసూత్రము మారలేదు. ప్రకటించిన విలువకే పరిహారము, నిరూపించిన విలువకే ప్రకటన.

పై విషయములను సమీక్షింపగా తేలునదేమన: భీమా ధననష్టమును తీర్చును గాని వస్తునష్టమును తీర్చదు. ఏకైక వస్తువునకు భీమా దాని ప్రతియే. అచ్చుప్రతి, ఛాయాచిత్రము, దొరికిన చోటును తెలుపు చీటీ, బరువు, కొలత — ఇవి ముందుగా సిద్ధపరచి, ఒక ప్రతి ఇంటనుంచి, ఆ పిమ్మటనే కట్టపై లక్క వేయవలెను. తిరువళ్ళూరు, తిరుత్తణి సీమల తెలుగు కుటుంబములలో పెద్దలనాటి తాళపత్రములు, దానపత్రములు, పాత ఉత్తరములు నేటికిని కలవు. వానిని పరిశోధకులకు పంపువారు వాటి ప్రతులు తీయక పంపినచో, అది కత్తిరింపని నోటును మామూలు కవరులో పంపుటవంటిది. నోటైనచో మరల సంపాదింపవచ్చును. తాతలనాటి వ్రాతను మరల వ్రాయువారు లేరు.