తాళానికి లొంగని బంతి

ఒక గట్టి రబ్బరు బంతిని మీటరు ఎత్తు నుంచి గచ్చు మీద వదిలి కళ్ళు మూసుకోండి. టప్... టప్.. టప్. టప్ టప్ టపటపట, ఆఖర్న ఒక చిన్న జుమ్మనే చప్పుడు, ఆపైన నిశ్శబ్దం. బంతి బదులు గోళీ జారినా ఇదే వరస. చప్పుడు వేరు, లయ ఒకటే. మన చెవి ఆ లయని ఎంత బాగా పట్టుకుంటుందంటే, కిందపడిన గాజు సీసా పగిలిందా, పగలకుండా ఎగిరిందా అన్నది దెబ్బల మధ్య వ్యవధిని బట్టే చెప్పగలదని 1984లో విలియం వారెన్, రాబర్ట్ వెర్‌బ్రుగ్గె అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు.

పసిపిల్లలకి కూడా తెలిసిన ఈ లయని యంత్రం చేత పలికించడానికి సంగీతకారులు పడిన పాట్లు చిన్నవి కావు. నేటి ఎలక్ట్రానిక్ సంగీతంలో దీన్ని ‘బౌన్సింగ్ బాల్’ అంటారు. వినడానికి చమత్కారంగా ఉంటుంది కాబట్టి చాలామంది దీన్నొక గారడీ కింద తీసేస్తారు. కానీ దీని చరిత్ర వెంట పోతే కనిపించేది గారడీ కాదు, సంగీతంలో కాలాన్ని ఎవరు కొలవాలి, ఏ గీటురాయితో కొలవాలి అన్న పాత తగాదా.

ముందు లెక్క చూద్దాం, కష్టమేం కాదు. నేలని తాకిన ప్రతిసారీ తన వేగంలో 80 శాతం మిగుల్చుకునే బంతి ఉందనుకోండి. మీటరు ఎత్తు నుంచి నేలకి చేరడానికి దానికి 0.45 సెకన్లు పడుతుంది. తర్వాత దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం 0.72 సెకన్లు, ఆపైన 0.58, 0.46, 0.37... ప్రతి ఎడమూ దాని ముందుదానిలో 80 శాతం. పదమూడో ఎడం దగ్గరికి వచ్చేసరికి అది సెకనులో ఇరవయ్యో వంతుకి దిగిపోతుంది. అక్కడి నుంచి చెవికి విడివిడి దెబ్బలు వినపడవు, అవి కలిసిపోయి ఒక నాదంగా మారడం మొదలవుతుంది. కాగితం మీద ఈ బంతి అనంతమైన సార్లు ఎగరాలి, అయినా ఆ మొత్తం సుమారు నాలుగు సెకన్లలో ముగిసిపోతుంది!

ఇంకో తమాషా ఉంది. దెబ్బల మధ్య ఎడం ఏ నిష్పత్తిలో తగ్గుతుందో, బంతి నేలని తాకే వేగం కూడా సరిగ్గా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అంటే లయ బిగుస్తున్నకొద్దీ చప్పుడు చిన్నదవుతుంది. ఎడం తగ్గించి, చప్పుడు తగ్గించకపోతే చెవికి బంతి వినపడదు, ఎవరో డప్పు దరువు జోరు పెంచినట్టుంటుంది.

కుంచించుకుపోయే లయ మనకి కొత్తా అని అడగొచ్చు. గోపుచ్ఛ యతి ఉంది కదా, ఆవు తోకలా పైన వెడల్పుగా మొదలై సన్నబడేది. దీక్షితుల ‘త్యాగరాజ యోగ వైభవం’లో సాహిత్యమే అలా అక్షరాలు రాల్చుకుంటూ పోతుంది. మృదంగ విద్వాంసులు తని ఆవర్తనంలో ఆరు, అయిదు, నాలుగు, మూడు అంటూ దిగివస్తారు. కానీ తేడా గమనించండి. అక్కడ తగ్గేది అక్షరాల లెక్క, ప్రతిసారీ ఒకటో రెండో తీసేస్తారు. కింద కాలప్రమాణం మాత్రం కదలకుండా ఉంటుంది, విన్యాసమంతా తిరిగొచ్చి సమంలో పడాలి. బంతికి సమం లేదు, ఆవర్తనం లేదు. దాని కాలం తీసివేతతో కాదు, గుణకారంతో తగ్గుతుంది. ఏ రెండు ఎడాలూ సమానం కావు కాబట్టి తాళం వేయడానికి చెయ్యి ఎక్కడ ఎత్తాలో తెలీదు.

పాశ్చాత్య సంగీతంలో కూడా వేగం పెంచడం ఎప్పటినుంచో ఉంది. అయితే అది వాయించేవాడి మనోధర్మం. కచ్చితంగా ఇంత శాతం చొప్పున పెంచు అంటే మనిషి చేతులు ఒప్పుకోవు. ఒక చెయ్యి ఒక నిష్పత్తిలో, రెండోది మరో నిష్పత్తిలో పరిగెత్తమంటే అసలే కుదరదు. హెన్రీ కవెల్ 1930లో అచ్చువేసిన ‘న్యూ మ్యూజికల్ రిసోర్సెస్’లో, మనుషులకి సాధ్యం కాని ఇలాంటి లయల్ని కాగితపు చుట్టకి రంధ్రాలు పొడిచి తనంతట తాను మోగే పియానో చేత పలికించవచ్చని సూచించాడు.

ఆ సూచనని జీవితకాలపు పనిగా పెట్టుకున్నవాడు కాన్లన్ నాన్‌కారో. 1912లో అమెరికాలో, టెక్సర్కానాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకోకి వ్యతిరేకంగా పోరాడిన అమెరికన్ దళంలో చేరాడు. తిరిగొచ్చాక, కమ్యూనిస్టని స్వదేశం పాస్‌పోర్టు నిరాకరించింది. 1940లో మెక్సికో వెళ్ళిపోయి అక్కడే ఉండిపోయాడు. తన రచనలు వాయించగల వాద్యకారులు చుట్టూ లేరు. దాంతో ఒక రంధ్రాల యంత్రం చేయించుకుని, చుట్టల మీద ఒక్కో స్వరాన్నీ తన చేత్తో పొడుచుకుంటూ కూర్చున్నాడు. కొద్ది నిమిషాల రచనకి నెలలు పట్టేవి.

అతని 21వ స్టడీలో రెండు గొంతులుంటాయి. ఒకటి నెమ్మదిగా మొదలై వేగం అందుకుంటూ పోతుంది, రెండోది జోరుగా మొదలై నెమ్మదిస్తుంది. మధ్యలో ఎక్కడో రెండూ ఎదురుపడి దాటిపోతాయి. అందుకే దానికి ‘కానన్ ఎక్స్’ అని పేరు. 27వ స్టడీ పేరులోనే 5, 6, 8, 11 శాతాలు ఉంటాయి. గొంతులు ఆ శాతాల చొప్పున వేగం పెంచుకుంటూ, తగ్గించుకుంటూ ఉంటే, నడుమ ఒక గొంతు గడియారంలా మారకుండా నడుస్తుంది. మన బంతి లెక్క ఇదే కదా! కాకపోతే ఇక్కడ గురుత్వాకర్షణ పని ఒక మనిషి చేస్తున్నాడు, కాగితం మీద స్కేలు పెట్టి ఒక్కో ఎడాన్నీ కొలుస్తూ.

నాన్‌కారో మెక్సికోలో చుట్టలు పొడుస్తున్న రోజుల్లోనే జర్మనీలో, కొలోన్ రేడియో స్టూడియోలో కార్ల్‌హైన్జ్ స్టాక్‌హౌజన్ అదే ప్రశ్న దగ్గరికి వేరే దారిన వచ్చాడు. లయ, శ్రుతి రెండూ వేరువేరు వస్తువులు కావు, దెబ్బలు దగ్గరైతే శ్రుతి, దూరమైతే లయ అన్నది అతని వాదన. 1958-60 మధ్య చేసిన ‘కొంటాక్టే’లో ఒక నాదం వంకరటింకరగా కిందికి జారుతూ జారుతూ చివరికి టక్ టక్ మని విడివిడి దెబ్బలుగా రాలిపోతుంది. వెనక్కి తిప్పిన బంతి లాంటిది.

ఆ తర్వాత యంత్రాలు చవకయ్యాయి, ఇళ్ళలోకి వచ్చాయి. కానీ వస్తూ వస్తూ గళ్ళ కాగితం వెంట తెచ్చాయి. 1980లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ యంత్రం మీద వరసగా 16 మీటలుంటాయి. ఏ గడిలో దెబ్బ పడాలో ఆ మీట నొక్కాలి. గడికీ గడికీ మధ్య ఎడం మాత్రం సమానమే. 1983లో వాద్యాలన్నిటికీ ఉమ్మడి భాషగా మిడి వచ్చింది. దాని గడియారం ఒక్కో బీట్‌నీ 24 సమభాగాలు చేస్తుంది. ఈ సమానత్వం తప్పేం కాదు, దాని మీదే షికాగో హౌస్, డెట్రాయిట్ టెక్నో పుట్టాయి, లోకం ఊగింది. కానీ క్రమంగా యంత్రమంటేనే గళ్ళు, ఎలక్ట్రానిక్ సంగీతమంటేనే ఒకే దరువు అన్న నమ్మకం పాతుకుపోయింది.

ఆ నమ్మకం చివరికి చట్టంలోకి ఎక్కింది! బ్రిటన్‌లో 1992 మే నెలలో కాసిల్‌మోర్టన్ మైదానంలో వేలమంది చేరి రోజుల తరబడి చేసిన రేవ్ మీద పెద్ద రభస అయింది. 1994 క్రిమినల్ జస్టిస్ చట్టం రాత్రిపూట ఆరుబయట ఇలాంటి జనసమూహాల్ని చెదరగొట్టే అధికారం పోలీసులకి ఇచ్చింది. ఏ సంగీతమని నిర్వచించాలి కదా, మళ్ళీ మళ్ళీ వచ్చే దరువుల వరసే ప్రధానంగా ఉన్న ధ్వనులు కూడా అందులోకి వస్తాయని రాశారు. దరువు సమంగా పడటం పోలీసు వ్యవహారమైంది.

దీనికి రోచ్‌డేల్ కుర్రాళ్ళు ఇద్దరు, ఆటెకర్ అనే పేరుతో పాటలు చేసే రాబ్ బ్రౌన్, షాన్ బూత్, ఆ ఏడాదే ‘యాంటీ’ అనే రికార్డుతో జవాబిచ్చారు. అందులో ‘ఫ్లటర్’ అనే పాటలో ఏ రెండు ఆవర్తనాల్లోనూ ఒకే దరువు రాకుండా చేశామని అట్ట మీద ముద్రించారు. కాబట్టి చట్టం వచ్చాక కూడా వాయించుకోవచ్చట, అయినా పక్కన ఒక వకీలునీ ఒక సంగీతశాస్త్రవేత్తనీ పెట్టుకోమని సలహా! ‘ఫ్లటర్’ బంతి లయ కాదు. కానీ సమంగా పడని దరువు కేవలం అలంకారం కాదు, ఒక పక్షం అన్న సంగతి అక్కడ తేటతెల్లమైంది.

నాన్‌కారో 1997 ఆగస్టులో మెక్సికో సిటీలో పోయాడు. రెండు నెలలకి ఏఫెక్స్ ట్విన్ అనే రిచర్డ్ డి. జేమ్స్ ‘కమ్ టు డాడీ’ రికార్డు వచ్చింది. అందులో ‘బ్యూసెఫలస్ బౌన్సింగ్ బాల్’ అని ఒక పాట. బ్యూసెఫలస్ అంటే అలెగ్జాండరు గుర్రం, ఎవరికీ లొంగదని పేరు పడినది. పాట మధ్యలో గళ్ళ దరువు తెగిపోయి, లోహపు బంతులు గచ్చు మీద రాలినట్టు లయలు బిగుసుకుంటూ నాదాలైపోతాయి. మరుసటేడు ఆటెకర్ ‘ఎల్‌పీ5’లో ‘డ్రేన్2’ వచ్చింది, అదీ బంతి పాటే. రెండు పాటల్లోనూ నాన్‌కారో శాతాలూ, స్టాక్‌హౌజన్ నాదమూ ఒకేచోట వినిపిస్తాయి.

అదే కాలంలో పనిముట్టు కూడా మారుతోంది. మిల్లర్ పకెట్ 1980ల నడుమ పారిస్‌లోని ఇర్కామ్‌లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ పేరు మాక్స్, 1957లోనే కంప్యూటర్ చేత సంగీతం పలికించిన మాక్స్ మాథ్యూస్ పేరు మీద పెట్టింది. అందులో గళ్ళు ముందే గీసి ఉండవు. ఇన్ని మిల్లీసెకన్లకోసారి కొట్టు అని చెప్పే చిన్న పెట్టె ఒకటుంటుంది. కొట్టిన ప్రతిసారీ ఆ అంకెని 0.8తో గుణించి తిరిగి అదే పెట్టెకి అందించాలి, చప్పుడు బలాన్ని కూడా అదే 0.8తో గుణించాలి. అంతే, బంతి పడుతుంది. నాన్‌కారోకి నెలలు పట్టిన పని ఒక గుణకారానికి దిగింది.

ఇప్పుడు ఆ 0.8ని మార్చి చూడండి. 0.5 చేస్తే తడిసిన గుడ్డల మూట పడినట్టు రెండు మూడు దెబ్బల్లో అణిగిపోతుంది. 0.95 చేస్తే చాలాసేపు ఊరిస్తుంది. ఒకటి దాటిస్తే దెబ్బలు దూరమవుతూ పెద్దవవుతాయి, బంతి వెనక్కి నడుస్తుంది. సరిగ్గా 1 పెడితే? ఎడం మారదు, చప్పుడు తగ్గదు. టీఆర్-808 గళ్ళలో పడే దరువు అదే, బ్రిటన్ చట్టంలోకి ఎక్కిన దరువూ అదే. ఇన్నాళ్ళూ యంత్రపు సహజ స్వభావం అనుకున్న సమమైన దరువు ఈ లెక్కలో ఒకే ఒక్క అంకె. ఏ గచ్చు మీదా ఏ బంతీ అలా ఎగరదు.