కలివి కోడి తిరిగిన నేల

హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల ఇంకా వెంచర్లు పడని చోట్ల తంగేడు, సీతాఫలం పొదలు, వాటి మధ్య గులకరాళ్ల నేల కనిపిస్తాయి. తీతువు పిట్ట ఆ రాళ్ల మధ్యనే గుడ్లు పెడుతుంది. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం అలాంటి నేల బంజరు. నేలను నమ్ముకున్న పిట్టలకు ఆ ఒక్క మాటతోనే ఎసరు వస్తుంది. కడప జిల్లాలోని కలివి కోడి అనే పిట్ట కథ చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

కలివి కోడికి రెక్కలున్నాయి, ఎగరగలదు. అయినా పరుగునే నమ్ముకుంది. పగలంతా పొద మాటున కదలకుండా ఉండి, చీకటి పడ్డాక పురుగుల కోసం తిరుగుతుంది. పెద్ద కళ్లు, ఛాతీ మీద రెండు గోధుమరంగు పట్టీలు. బ్రిటిష్ వైద్యుడు థామస్ జెర్డాన్ ద్వారా 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. ఆ తర్వాత గోదావరి తీరాన భద్రాచలం, సిరోంచా వైపు కూడా కనిపించింది. 1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ చూశాక మళ్లీ జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు.

సరిగ్గా ఆ కాలంలోనే న్యూజీలాండ్‌లో, అసలు ఎగరలేని టకాహే పక్షి కూడా కనుమరుగైంది. 1898 తర్వాత దొరకని ఆ పక్షిని 1948లో జెఫ్రీ ఆర్బెల్ మర్చిసన్ కొండల్లో మళ్లీ కనిపెట్టారు. అక్కడి ప్రభుత్వం ఆ కొండలను వెంటనే కాపాడింది, పిల్లలను పెంచి దీవుల్లో వదిలింది. ఇప్పుడవి దాదాపు 500 ఉన్నాయి. దొరికిన పిట్ట వెంట దశాబ్దాల పాటు మనుషులు నిలబడ్డారు.

మనకు 1986 జనవరిలో ఆ అవకాశం వచ్చింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాలో కలివి కోడి కోసం వెతుకుతుంటే, అక్కడి అడవి తెలిసిన స్థానిక వేటగాడొకరు రాత్రిపూట పిట్టను పట్టి చూపించారు. పుస్తకాల్లో చచ్చిపోయిన పిట్ట అక్కడి ఊరివాళ్ల ఎరుకలో బతికే ఉంది. ఈ ఘనతలో ఆ వేటగాడి వాటా పెద్దదని నా నమ్మకం. 1988లో ఆ పిట్ట కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దాని బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది.

తర్వాత పరిశోధకులు పి. జెగనాథన్ తదితరులు కొత్త పద్ధతి పట్టారు. పొదల మధ్య మెత్తటి మట్టిని బాటలా పరిచి, తెల్లవారాక అడుగుజాడలు వెతికేవారు. మూడు వేళ్ల ముద్ర పడితే పిట్ట నడిచిందేమోనని ఆశ. పొద్దుగూకిన ముప్పావు గంటకు మొదలయ్యే రెండు స్వరాల కూత కూడా ఆధారమే. ఇంత ఓపికగా వెతుకుతుండగానే 2005లో తెలుగుగంగ కాలువ పనులకు యంత్రాలు వచ్చి పొదలను పెకలించాయి. అభ్యంతరాల మీద కాలువ దారి మార్చారు. రాయలసీమకు నీళ్లు కావాలి, అందులో తగువు లేదు. పిట్ట ఉనికి తెలిసిన నేలను తవ్వకముందే ఎవరినీ అడగకపోవడమే బాధ.

ఆ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేల కూడా పనికిరాదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తే జాగా కావాలి. మేకలు అదుపులో మేస్తే ఆ జాగా ఉంటుంది. కట్టెల కోసం పొదలన్నీ నరికితే పోతుంది. అందుకే కంచె వేసి తాళం వేస్తే సరిపోదు, మేకల కాపరులు కూడా పిట్టను కాపాడే పనిలో ఉండాలి. చాలా ఏళ్ల నిశ్శబ్దం తర్వాత 2025 ఆగస్టులో కడప జిల్లాలో పక్షి పరిశీలకులు ఆ కూతను రికార్డు చేశారు. ఈసారైనా అటవీశాఖ వెతుకులాటలో పొదల దారులు తెలిసిన ఆ ఊళ్లవాళ్లకు జీతమిచ్చి మరీ చోటివ్వాలి.