గుడివాడ అడుగున ఉన్న రాళ్లు

మన బందరు, గుడివాడ ప్రాంతాలలో బోరు వేస్తే ఒండ్రు, ఇసుక, ఉప్పునీరు తప్ప రాయి తగలదు. అయినా ఓ.ఎన్.జి.సి. పటాలలో గుడివాడ గ్రాబెన్, బంటుమిల్లి గ్రాబెన్ అనే పేర్లున్నాయి. గ్రాబెన్ అంటే ఇరుపక్కల నేల నిలిచి ఉండగా నడుమ కుంగిన గొయ్యి. ఆ గోతులలోని పొరలకు నేడు వాడుతున్న పేర్లు, వాటిని ఎన్నడూ చూడని విలియం కింగ్ పెట్టినవి.

కింగ్ తండ్రి ఐర్లండులోని గాల్వేలో భూగర్భశాస్త్ర ఆచార్యులు. నియాండర్తల్ మానవునికి శాస్త్రీయ నామం ఆయనే పెట్టారు. కుమారుడు 1850ల చివర జియలాజికల్ సర్వేలో చేరి, 1887లో దానికి అధిపతియై, 1894లో రిటైరయ్యాడు. మనలాగే పూర్తి సర్వీసన్నమాట! ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించినవాడాయనే. కడప, కర్నూలు శిలలపై 1872లో, గోదావరి జిల్లా తీరంపై 1880లో, ప్రాణహిత-గోదావరి లోయపై 1881లో ఆయన గ్రంథాలు వెలువడ్డాయి.

ఆ లోయ ఎగువన, చాందా దగ్గర పెన్‌గంగ ప్రాంతంలో, మంచు ఒరుసుకుపోయిన గీతలున్న రాతినేల గురించి తోటి ఉద్యోగి ఫెడెన్ 1875లో రాశాడు. ఎండలు మండే ఆ చోట మంచా? ఆనాడు దానికి సరైన సమాధానం లేదు. సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం భారతదేశం, అంటార్కిటికా కలిసే ఉండేవని, దక్షిణ ధ్రువానికి దాపునే ఉండేవని ఇప్పుడు తెలుసు.

నూజివీడు వైపున్న గొల్లపల్లి, ఆపైన రాఘవాపురం, తిరుపతి: కింగ్ తీరపు పొరలకు పెట్టిన పేర్లివి. (ఈ తిరుపతి ద్వారకా తిరుమల వద్దది; ఏడుకొండలవాడిది కాదు.) రాఘవాపురం రాళ్లలో ఆకుల అచ్చులూ, సముద్రపు గవ్వలూ కలిసే దొరికాయి. దాదాపు నూరేళ్ల తరువాత ఓ.ఎన్.జి.సి. డ్రిల్లింగులో మన పొలాల కింద, కిలోమీటర్ల లోతున, ఆ పొరలే తగిలాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం అంటార్కిటికా మన తీరం నుంచి విడిపోయింది. ఆ చీలికలోకి చొరబడిన సముద్రం అడుగున పేరుకొన్న బురదే రాఘవాపురం షేల్.

విడిపోయిన ఆ ఖండంపై, లార్స్‌మన్ కొండలలో, 2012 నుంచి మన భారతి కేంద్రం ఉంది. మన తూర్పు కనుమల శిలలకు జోడీలను ఆ తీరంలో వెతుకుతున్నారు. అక్కడి మంచు కరిగితే సముద్రం ఆ మంచు పక్కన కాక, దూరానే ఎక్కువ పెరుగుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ, హంసలదీవి ఆ దూరానే ఉన్నాయి.