పేరు మారిన మాత్ర

బుచ్చిరెడ్డిపాలెము బజారులో మందుల దుకాణమునకు పోయిన ఇల్లాలికి ఒక్కొక్కప్పుడు ఒక చిక్కు ఎదురగుచుండును. ఏండ్ల తరబడి తాను పరగడుపున వేసికొనుచున్న థైరాయిడ్ మాత్రల సీసా ఆనాడు అక్కడ లేదు. దుకాణదారు వేరొక సీసా చూపి, "మందు అదేనమ్మా, కంపెనీయే వేరు, వెల కూడ తక్కువ" అనును. దానిని తీసికొనవలెనా? లేక బస్సెక్కి నెల్లూరు పోయి పాత పేరునే వెదకవలెనా? ఈ చిన్న ప్రశ్న వెనుక నూటముప్పది యేండ్లకు మించిన చరిత్ర కలదు. దానిని శ్రోతలకు మనవి చేయ సంకల్పించితిమి.

కంఠమున నుండు థైరాయిడ్ గ్రంథి మందగించినచో దేహమంతయు మందగించును. ఒడలు బరువెక్కును, చలి సోకును, మాట నెమ్మదించును, జ్ఞాపకము సడలును. 1891లో ఇంగ్లండున జార్జి మర్రే అను వైద్యుడు గొఱ్ఱె గ్రంథి నుండి తీసిన రసమును ఇట్టి రోగిణి యొకతెకు సూదిమందుగా నిచ్చెను. ఆమె కోలుకొని మఱి ఇరువదియెనిమిదేండ్లు జీవించెను. 1914 డిసెంబరు 25వ తేదీన అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ రసములోని సారమును స్ఫటికములుగా వేరుచేసెను. అదియే థైరాక్సిన్. 1927లో చార్లెస్ హారింగ్టన్, జార్జి బార్గర్ దానిని ప్రయోగశాలలో తయారు చేసిరి. అయినను చిరకాలము వాడుకలో నుండినవి ఎండబెట్టిన జంతుగ్రంథి మాత్రలే. వాని బలము సీసా సీసాకు మారుచుండెడిది. మందు పేరును గూర్చిన అనుమానమునకు బీజము అక్కడనే పడినది.

ఈ చరిత్రలో తెలుగువాని పాత్రయు కలదు. శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి 1956 నుండి హిమాలయ పాదమున కాంగ్రా లోయలో గళగండ వ్యాధిని పరిశోధించెను. ఆ లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయోడిను కలిపిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును పంచిరి. అయోడిను ముట్టిన చోట వ్యాధి తగ్గుముఖము పట్టెను. 1962లో దేశవ్యాప్తముగా గళగండ నివారణ పథకము ఆరంభమాయెను. కాని ఉప్పు వలన తీరునది అయోడిను కొఱత మాత్రమే. శరీరము తన గ్రంథిని తానే దెబ్బతీసికొనిన వారికిని, గ్రంథిని శస్త్రచికిత్సతో తొలగించిన వారికిని మాత్రయే శరణ్యము.

ఈ మాత్రకు కొలత ప్రాణము. దీని మోతాదు ఇరువదియైదు, ఏబది, నూఱు మైక్రోగ్రాములు. గ్రాములో పదిలక్షవ వంతు ఒక మైక్రోగ్రాము! కొంచెము తగ్గినచో పాత మాంద్యము తిరిగి వచ్చును. కొంచెము హెచ్చినచో గుండె దడ, నిద్రలేమి, నాళ్ళు గడిచిన కొలది ఎముకల బలహీనత కలుగును. కావున పేరు మారినచో కొలతయు మారునేమో యన్న భయము నిరాధారము కాదు.

ఆ భయమును పరీక్షకు పెట్టిన కథ విచిత్రమైనది. 1987లో కాలిఫోర్నియాలో బెట్టీ డాంగ్ అను శాస్త్రజ్ఞురాలు 'సింత్రాయిడ్' అను ప్రసిద్ధ మాత్రను తక్కిన వానితో పోల్చి చూచుటకు పూనుకొనెను. వ్యయము భరించినది ఆ మాత్ర తయారుచేయు కంపెనీయే. ఇరువది ఇద్దఱు స్త్రీలకు నాలుగు రకముల మాత్రలను మార్చి మార్చి యిచ్చిరి. వానిలో రెండు పేరుగలవి, రెండు జనరిక్‌లు. నాలుగును సమానమేయని తేలెను. తమ మాత్రయే మిన్నయని తేలునని ఆశించిన కంపెనీవారికి ఇది రుచింపలేదు. తమ అనుమతి లేనిదే ప్రకటింపరాదన్న ఒప్పందపు షరతును చూపి, 1995లో అచ్చు కావలసిన వ్యాసమును ఆపించిరి. అది 1997 ఏప్రిలులో గాని వెలుగు చూడలేదు.

అయితే రెండవ పక్షము వాదమును వినవలెను. ఆ 1997లోనే అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ ఈ మాత్రల బలము నిలకడగా లేదని గ్రహించి, పెద్ద పేరుగల కంపెనీలతో సహా అందఱును క్రొత్తగా అనుమతి పొందవలెనని శాసించెను. 2007లో నియమమును మఱింత బిగించెను. వేడికిని, తేమకును, వెలుతురునకును ఈ మందు బలహీనపడును. నెల్లూరు ఎండలు ఎఱిగిన మనకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

మన దేశమున 1975లో హాథీ సంఘము మందులకు మూలనామములే వాడుట మేలని సూచించెను. 2008లో జన ఔషధి దుకాణములు వెలసెను. వైద్యులు మూలనామమే వ్రాయవలెనన్న నియమము 2023 ఆగస్టులో వచ్చి, ఆ నెలలోనే నిలిచిపోయెను. ఈ లోపల మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. థైరాక్సిన్‌పై నేడు ఏ కంపెనీకిని గుత్తహక్కు లేదు. మనము పెద్దపేరని నమ్ము సీసాలోనిదియు, చవుక సీసాలోనిదియు ఒకే మూలపదార్థము.

కావున మా మనవి యిది. పేరు ఏదైనను కావచ్చును. ఎంచుకొనిన దానిని పట్టుకొని యుండవలెను. మార్చక తప్పనిచో సీసాపై మైక్రోగ్రాముల అంకెను సరిచూచుకొని, వైద్యునకు తెలిపి, ఆఱు నుండి ఎనిమిది వారములకు నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. గర్భవతులును, గుండెజబ్బు గలవారును మఱింత జాగ్రత్త పడవలెను. మూత బిగించిన సీసాను పొయ్యికిని కిటికీకిని దూరముగ ఉంచవలెను.

పాత పేరు దొరకలేదని వారముల తరబడి మాత్రయే మానివేయువారు కలరు. పేరు మారిన మాత్ర వలన కలుగు చెఱుపు కంటె, మానిన మాత్ర వలన కలుగు చెఱుపు ఎక్కువ. బజారులో నిలిచి ఆలోచించు ఆ ఇల్లాలు ఈ ఒక్క మాటను గుర్తుంచుకొనినచో మా ప్రసంగము సార్థకమే.