రేవాడీ ఆవిరి షెడ్డు: పుట్టుపూర్వోత్తరాలు

హర్యానాలో, ఢిల్లీకి నైరుతి దిశగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన ఉన్న రేవాడీ జంక్షన్‌ను ఆనుకొని 1893 నాటి లోకోషెడ్డు ఒకటి ఉంది. నేడు అది రైల్వే వారసత్వ మ్యూజియం. అయినా అక్కడి ఇంజన్లలో పలు ఇంజన్లు పొయ్యి రాజేస్తే నేటికీ కదలగలవు.

ఈ షెడ్డు పుట్టుకకు మూలం గేజ్ గురించి జరిగిన ఒక నిర్ణయంలో ఉంది. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని గేజ్ అంటారు. భారతదేశంలో తొలి ప్రధాన మార్గాలన్నీ 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌పై పడగా, ఆ ఖర్చు భరించలేమని తలచిన లార్డ్ మేయో ప్రభుత్వం, రద్దీ తక్కువగా ఉండే ప్రాంతాలకు ఒక మీటరు వెడల్పు గల మార్గం చాలునని నిశ్చయించింది. ఆ నిశ్చయం ప్రకారం 1873 ఫిబ్రవరిలో తెరిచిన తొలి మీటర్‌గేజ్ మార్గం ఢిల్లీ, రేవాడీల మధ్యదే. తరువాత రాజపుతానా వైపు, పంజాబు వైపు శాఖలు విస్తరించి రేవాడీ పెద్ద కూడలి కాగా, ఇంజన్లకు నీళ్లు, బొగ్గు, మరమ్మతు అందించే షెడ్డు అక్కడ తప్పనిసరి అయింది. చౌకదనం కోసం చేసిన ఆ ఏర్పాటు, గేజ్ మారిన ప్రతిచోటా సరుకులు దించి ఎక్కించే బాధను శతాబ్దం పైగా దేశం నెత్తిన పెట్టిందన్నది వేరే సంగతి.

చిత్తరంజన్ కర్మాగారం 1972లో ఆవిరి ఇంజన్ల తయారీని ఆపివేసింది. 1990ల నాటికి ఆవిరి బళ్లు ఒక్కొక్కటిగా తగ్గిపోయి, రేవాడీ షెడ్డు కూడా మూతపడింది. 2002లో దానిని మళ్లీ బాగుచేసి, 2010లో మ్యూజియంగా తీర్చిదిద్దారు. అక్కడి ఇంజన్ల పేర్లలోని అక్షరాలకు అర్థం తెలిస్తే చూసేవారికి సగం చరిత్ర బోధపడుతుంది: ‘డబ్ల్యు’ బ్రాడ్‌గేజ్‌కు, ‘వై’ మీటర్‌గేజ్‌కు, ‘పి’ ప్రయాణికుల బండికి, ‘జి’ గూడ్సుకు గుర్తు. తుపాకీ గుండు వంటి ముక్కుతో, దాని మీద నక్షత్రంతో కనిపించే డబ్ల్యుపి తరగతికి చెందినది ‘అక్బర్’. 1965లో చిత్తరంజన్‌లో తయారైన ఈ ఇంజను హిందీ చిత్రాల్లో కూడా కనిపించింది. వైపి, వైజి తరగతులు గుంతకల్లు వైపు మీటర్‌గేజ్ ప్రయాణాలు ఎరిగిన పాతతరం తెలుగువారికి కొత్తవేమీ కావు.

అన్నింటిలోకి పెద్ద వయసు ‘ఫెయిరీ క్వీన్’ది. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో కిట్సన్, థాంప్సన్ అండ్ హెవిట్సన్ సంస్థ తయారుచేసిన ఈ ఇంజను ఈస్టిండియన్ రైల్వేలో 22వ నంబరుతో హౌరా, రాణీగంజ్‌ల మధ్య తేలికపాటి మెయిలు బళ్లను లాగి, 1909లో విధుల నుండి తప్పుకొని, హౌరా స్టేషను బయట, చందౌసీ శిక్షణ పాఠశాలలో, ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో వరుసగా బొమ్మలా నిలబడింది. చెన్నై పెరంబూరు వర్క్‌షాపులో మరమ్మతు పొంది 1997లో తిరిగి ప్రధాన మార్గం మీద ఢిల్లీ, అల్వార్‌ల మధ్య నడవడంతో, క్రమబద్ధంగా నడిచే ఇంజన్లలో అతి పురాతనమైనదిగా మరుసటి ఏడాది గిన్నిస్ పుస్తకంలోకెక్కింది.

నడిచే ఇంజనును కాపాడటం నిలిచిన ఇంజనును కాపాడటం కన్నా ఎన్నో రెట్లు కష్టం. చల్లారిన పెద్ద ఇంజనుకు బాయిలరు నింపి, కట్టెలు, నూనెలో తడిపిన గుడ్డపీలికలతో నిప్పు రాజేసి, ఆపైన బొగ్గు కొద్దికొద్దిగా పేర్చుతూ ఆవిరి పుట్టించాలంటే గంటల తరబడి ఓర్పు కావాలి. తొందరపడితే లోహం ఒక్కచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా వ్యాకోచించి గొట్టాల కీళ్లు కారడం మొదలెడతాయి. పొయ్యి పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లుండాలి గనుక ఆ కప్పులో సీసం నింపిన మర ఒకటి బిగిస్తారు. నీటిమట్టం తగ్గితే సీసం కరిగి, ఆ రంధ్రం గుండా దిగిన ఆవిరి సిబ్బందిని హెచ్చరిస్తూ మంటను అణచడానికి తోడ్పడుతుంది. నీటిలోని సున్నం లోపలి గోడలపై పెచ్చులు కడుతుంది కాబట్టి, బాయిలరును తరచుగా ఖాళీచేసి కడగాలి.

ఇలా నడిపే కొద్దీ భాగాలు అరుగుతాయి, కొత్తవి వేయక తప్పదు. అప్పుడు 1855 నాటి ఇనుము ఎంత మిగిలిందన్న ప్రశ్న మ్యూజియం నియమాలు పాటించేవారికి న్యాయంగానే తోస్తుంది. అయితే ఆవిరి ఇంజనులో విలువైనది లోహం మాత్రమే కాదు, దానిని కదిలించే పని కూడా; ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్న కాలంలో రేవాడీ వంటి షెడ్లు ఎంచుకున్న పక్షమే సమంజసమనిపిస్తుంది. ఫెయిరీ క్వీన్‌కు జతగా అదే ఏడాది వచ్చిన 21వ నంబరు ‘ఎక్స్‌ప్రెస్’ను కూడా పెరంబూరులోనే తిరిగి నడిచే స్థితికి తెచ్చి, చెన్నైలో ప్రత్యేక సందర్భాల్లో ఆవిరితో నడుపుతున్నారు.