పనిముట్ల మన్నిక

పూర్వపు గొడ్డలి మూడుతరములు నిలిచెడిదనియు, నేటిది మూడేండ్లైనను నిలువదనియు మనయిండ్లలో తఱచుగా వినుచుందుము. ఈమాట యెంతవఱకు నిజమో విచారింపవలసియున్నది.

మొదట గమనింపదగిన విషయ మొకటి కలదు. పూర్వపు పనిముట్లలో విఱిగినవియు, తుప్పుపట్టినవియు నెన్నడో కొలిమి కెక్కి వేఱురూపము దాల్చినవి. మేలైనవి మాత్రమే మిగిలి మనకంట బడుచున్నవి. ఉన్నవానిని జూచి పోయినవానినిగూడ పొగడుట న్యాయము కాదు.

అట్లని పూర్వుల నేర్పును తక్కువచేయరాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో చేసిన యుక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి. పాశ్చాత్యులు ‘వూట్జ్’ అని పిలిచిన యీజాతి యుక్కునుగూర్చి జార్జి పియర్సన్ 1795లో లండనులోని రాయల్ సొసైటీకి వివరించెను. తరువాత మైకేల్ ఫారడే దానిని పరీక్షించెను. కాని యట్టి యుక్కు మిక్కిలి శ్రమతో కొద్దికొద్దిగా తయారగునది. కావున పలుదేశములలో ఉలికి మెత్తని యినుముతో నొడలు చేసి, అంచునకు మాత్రమే యుక్కుముక్క నతికెడివారు. ఆముక్క యరుగువఱకే దాని యాయువు; పిదప కమ్మరి క్రొత్తముక్క నతుకవలసినదే.

1856లో హెన్రీ బెస్సెమర్ తనపద్ధతిని ప్రకటించినపిమ్మట ఉక్కు క్రమముగా చౌకయయ్యెను. నేడు విద్యుచ్ఛక్తితో పండ్లకొనలను మాత్రము గట్టిపఱచిన ఱంపములు వచ్చినవి. అవి పూర్వపు ఱంపములకంటె చాలకాలము వాడిగా నుండును. కాని మొద్దువాఱినపిమ్మట ఆకురాయి వానిపై పనిచేయదు, పాఱవేయవలసినదే. పూర్వపు ఱంపము త్వరగా మొద్దువాఱినను, పండ్లు పూర్తిగా నరిగిపోవువఱకు మరల మరల పదును పెట్టుకొనవచ్చును.

కాబట్టి మన్నిక యనుమాటకు రెండర్థములు కలవు: చెడకుండుట యొకటి, చెడినను బాగుపడుట యొకటి. మొదటిదానియందు నేటి మంచిపనిముట్లు పెక్కులు మిన్న. రెండవదానియందు పూర్వపువి మిన్న.

ఈ రెండవ మన్నిక యూరక వచ్చినది కాదు. కమ్మరి యేడాదిపొడవున కఱ్ఱులకు మొన సాగగొట్టుచు, కొడవళ్లకు కక్కు పెట్టుచు, కోతలనాడు కళ్లమునొద్ద మేరగా కొంతధాన్యము పొందెడివాడు. మనతాతల గొడ్డలి మూడుతరములు నిలిచినదన్న, వానియింట మూడుతరములవారు కొలిమియొద్ద చెమటోడ్చిరన్నమాట. ఆ గొడ్డలిని పొగడి యా చేతులను మఱచుట యన్యాయము. వానిబిడ్డ చదువుకొని వేఱువృత్తి నవలంబించినచో, మంచిపనులు పోయినవని వగచుటకు మనకు హక్కు లేదు.

మన మిపుడు చేయదగినది కలదు. పనిముట్టు కొనునపుడు వెల యొక్కటియే యడుగక, పిడి మార్చవచ్చునా, పదును పెట్టవచ్చునా యనియు నడుగుదము. బాగుచేయువానితో బేరమాడక తగినకూలి నిత్తము. ఈ రెండును చేయక పూర్వకాలమును కీర్తించుచు కూర్చుండినచో మనయింటి కత్తిపీటకు వాడి రాదు.