ఒక కట్ట, రెండు ఊళ్లు

అనంతపురంలో తాడిపత్రి బస్సెక్కితే, ఊరు దాటీ దాటగానే చెరువుకట్ట వస్తుంది. కట్ట దాటితే బుక్కరాయసముద్రం. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు. పెద్దవాళ్లు "సముద్రం" అంటారు, కండక్టరు "బీకేయస్, బీకేయస్" అని కేకేస్తాడు. ఆ దారిన ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు గానీ, అడగాల్సిన ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా తట్టింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని ఈ నేల మీద ఒక ఊరికి సముద్రమని పేరెందుకు పెట్టుకున్నారు?

జవాబు తేలికే. విజయనగర కాలంలో పెద్ద చెరువును సముద్రమనో సాగరమనో పిలవడం రివాజు. 1364లో, మొదటి బుక్కరాయల ఏలుబడిలో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడెయారు పండమేరు వంకకు అడ్డంగా ఈ కట్ట వేయించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. కట్టకు ఒక కొసన రాజు పేరుతో బుక్కరాయసముద్రం, రెండో కొసన రాణి అనంతమ్మ పేరుతో అనంతసాగరం వెలిశాయంటారు. ఆ రెండోదే ఇప్పటి అనంతపురం. అంటే ముందు ఊరు పుట్టి, తర్వాత చెరువు తవ్వుకోలేదు. ముందు కట్ట పుట్టింది, దాని రెండు కొసలా ఊళ్లు మొలిచాయి.

ఇక్కడి భూగోళం తెలిస్తే ఇందులో వింతేమీ కనపడదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్యపు వానలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడతాయి. ఎర్ర నేల, లోతు తక్కువ, కింద రాయి. పెన్న, చిత్రావతి, పండమేరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. వచ్చినప్పుడు మాత్రం ఒక్క రాత్రిలో వచ్చి పోతాయి. ఆ ఒక్క రాత్రి నీళ్లను ఏడాది పొడుగునా దాచుకోవడమే ఇక్కడ బతుకుతెరువు.

దాచుకోవడం ఎంత పనో చెప్పే రాతి సాక్ష్యం పక్కనున్న కడప జిల్లాలో ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన పోరుమామిళ్ల చెరువు శాసనం అది. మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు ఏవో అందులో వరసగా చెప్పారు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేశారని కూడా రాశారు. రాజు పేరుంది, లెక్క ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు.

బుక్కరాయసముద్రంలో మాత్రం రాజు కాని ఒక మనిషి పేరు నిలిచింది. ఒకసారి చెరువు పొంగి కట్ట తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తేనే నిలుస్తుందని ఒక వాక్కు వినిపించిందట. ఆమె చంటిబిడ్డను వదిలి, అందరి దగ్గరా సెలవు తీసుకుని, తనే నడిచి నీళ్లలోకి పోయింది. కట్టను ఇప్పటికీ ముసలమ్మ కట్ట అంటారు. అనంతపురం చరిత్రను సి.పి. బ్రౌన్ 1853లో అచ్చు వేయించాడు. ఆ శతాబ్దం చివర, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతున్న కట్టమంచి రామలింగారెడ్డి ఈ కథనే తీసుకుని "ముసలమ్మ మరణము" కావ్యం రాశాడు. ఆధునిక తెలుగు కవిత్వానికి అదే తొలి అడుగని చాలామంది విమర్శకులు లెక్కిస్తారు.

కావ్యంలో అది త్యాగం. నాకు మాత్రం ఆ "చిన్నకోడలు" అన్న మాట దగ్గరే కాలు ఆగిపోతుంది. ఇంటి పెద్ద కాదు, కొడుకు కాదు, ఆ ఇంట పుట్టిన ఆడపిల్లా కాదు. బయటినుంచి వచ్చిన కోడలు, అందులోనూ ఆఖరిది. కథ నిజంగా జరిగిందా లేదా అన్నది నేను తేల్చలేను. కట్ట తెగే రాత్రి ఊరు ఎవరి వైపు చూస్తుందో మాత్రం ఆ కథ దాచకుండా చెప్పింది.

తర్వాతి రాజకీయం త్వరగా చెప్పేయొచ్చు. విజయనగరం చితికాక హండె నాయకులు, వాళ్లమీదికి గుత్తి మురారిరావు, ఆ తర్వాత మైసూరు నవాబులు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారపోశాడు. మన్రో కలెక్టరుగా వచ్చి రైతువారీ పద్ధతిని పాదుకొల్పాడు. వీళ్లందరికీ చెరువంటే శిస్తు. చెరువు కట్టినవాడికో బాగుచేసినవాడికో ఇచ్చే దశబంధం మాన్యాలు, నీళ్లు పంచే నీరుగంటి, పూడిక తీసే ఊరి జనం, ఇవన్నీ ఒకదానికొకటి ఆనుకున్న ఏర్పాట్లు. ఒకటి సడలితే తక్కినవీ సడలాయి.

ఆ సడలింపు ఖరీదు జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. తర్వాత అనంతపురం జిల్లా అయిన ప్రాంతంలో 1871లో దాదాపు 7 లక్షల 40 వేలమంది ఉంటే, 1881లో 6 లక్షలకు కాస్త తక్కువ తేలారు. నడుమ వచ్చింది 1876-78 ధాత కరువు. సహాయపు పనుల్లో మట్టి మోసేవాళ్లకు రోజుకు ఒక పౌను ధాన్యం, కాస్త చిల్లర ఇచ్చిన కాలమది. మరుసటి ఏడే, 1882లో, బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. పోయిన జనాన్ని పూడ్చుకోవడానికి ఇరవయ్యేళ్లు పట్టింది. 1901లో లెక్క 7,88,254. 2011కి 40,81,148. మనుషులు అయిదింతలు దాటారు, వాన మాత్రం అంతే ఉంది.

ఈ నూరేళ్లలో కట్టకు ఒక కొస నగరమైంది, రెండో కొస మండల కేంద్రంగా ఆగింది. తుంగభద్ర ఎగువ కాలువ వచ్చాక చెరువుల మీద బెంగ కొంత తగ్గింది, శ్రద్ధ అంతకన్నా ఎక్కువ తగ్గింది. మెట్టంతా వేరుశనగ పరుచుకుంది. ఒక వాన తప్పితే బెంగళూరు బస్సులు నిండుతాయి. ఇదే మండలంలో రెడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం, రేకులకుంటలో వ్యవసాయ పరిశోధనా స్థానం, జంతలూరులో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. చదువుకు కొదవ లేదు. కాని బస్సు ఎక్కే మనిషి దాకా ఆ చదువు ఎంత అందిందో ఆ బస్సులో కూర్చుంటే తెలుస్తుంది.

2022 అక్టోబరులో ఒక రాత్రి వానకు పండమేరు, నడిమి వంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగాయి. "కరువు జిల్లాలో వరదా!" అని దూరపువాళ్లు ఆశ్చర్యపోయారు. ఇక్కడి నీటి స్వభావమే అది. 1364లో ఒడెయారుకు తెలిసిన సంగతి మనం మరిచి, వంక పోయే దారిలో ఇళ్ల స్థలాలు కోసుకున్నాం. మునిగింది ఎవరిల్లు? వేరేచోట స్థలం కొనలేక చివరికి వంక గట్టున చేరినవాళ్లవే ఎక్కువ.

ఒక ఊరి చరిత్ర అంటే కట్టించినవాడి పేరు, విస్తీర్ణం, జనాభా అని బళ్లో చెప్పారు. ఈ మూడింటినీ రాసుకున్నాక ఇంకో గడి మిగిలిపోతోంది. కట్ట నిలవడానికి ఎవరు పోయారు? బుక్కరాయసముద్రం ఒక్క పేరైనా గుర్తుపెట్టుకుని గుడి కట్టింది. ధాత కరువులో పోయినవాళ్లకు ఆ గుడి కూడా లేదు.